పెరుగన్నం డబ్బా, 61వ మ్యాచ్

రాత్రి పదకొండున్నర. ఒంగోలు నుంచి వచ్చి రెండు గంటలైంది, సంచులు ఇంకా విప్పలేదు. చిన్నది బ్యాట్ కవరు తలాపున పెట్టుకుని పడుకుంది. ఆయనకి పొద్దున్నే డ్యూటీ, ఎప్పుడో నిద్రపోయారు. నాకే పట్టడం లేదు. నిన్న మధ్యాహ్నం 2:20కి నా చేత్తో మూత తీసిన పెరుగన్నం డబ్బా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

నెల రోజులుగా మా ఇంట్లో ఒంగోలులో జరిగే ఈ అండర్-13 బ్యాడ్మింటన్ సింగిల్స్ పోటీ తప్ప వేరే మాట లేదు. శనివారం 5:45కి కావలిలో బయల్దేరాం. వదిన వాళ్ళింట్లో సంచులు పడేసి, నాలుగు ఇడ్లీలు తినిపించి, 8:30కల్లా హాలు దగ్గరున్నాం. రిపోర్టింగ్ టైము 8:30 అని కాయితంలో ఉంది. పుట్టినతేదీ సర్టిఫికెట్ ఒరిజినల్, ఆధార్, రెండు ఫొటోలు చూపించాం, సంతకం పెట్టాం. గోడకి అంటించిన డ్రాలో (ఎవరితో ఎవరు ఆడాలో వరసగా రాసిన పట్టిక) చూస్తే మాది 61వ మ్యాచ్. కోర్టులు నాలుగు.

9 గంటలకి మొదలవ్వాలి. మొదటి షటిల్ లేచింది 10:10కి. ముఖ్య అతిథి రావాలి, జ్యోతి వెలిగించాలి, శాలువాలు కప్పాలి, ఒక్కొక్కరూ మాట్లాడాలి. అంతసేపూ పిల్లలు వరసలు కట్టి నిలబడే ఉన్నారు. మే నెల, హాలు తలుపులు మూసేశారు, షటిల్ పక్కకి కొట్టుకుపోతుందని ఫ్యాన్లు వెయ్యరు. అది సరే, ఆటకి తప్పదు. కానీ ఆట లేనప్పుడైనా వెయ్యొచ్చుగా! ఉపన్యాసాలు అయ్యేదాకా ఒక్క ఫ్యాను తిరగలేదు. మా పక్క వరసలో పదేళ్ళ పిల్లాడు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. వాళ్ళమ్మ నీళ్ళు కొట్టి బయటికి ఎత్తుకుపోయింది. మైకులో మాట మాత్రం ఆగలేదు. 70 నిమిషాలు నాలుగు కోర్టులూ ఖాళీ. పిల్లల మొదటి రౌండు మ్యాచ్‌లు ఆ టైములో తేలిగ్గా 15 అయిపోయేవి.

పిల్లల ఒళ్ళు వేడెక్కించడం ఎప్పుడో కూడా ఎవరూ చెప్పరు. 8:30కే స్కిప్పింగ్ మొదలుపెట్టించిన తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను. మధ్యాహ్నం మ్యాచ్‌కి పొద్దున వార్మప్ చేస్తే ఓపిక తగ్గడమే తప్ప ప్రయోజనం లేదు. మన ముందు ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయనగా మొదలుపెట్టాలి. మూడు నిమిషాలు స్కిప్పింగ్, భుజాలు తిప్పడం, కోర్టు ఆరు మూలలకీ (ముందు రెండు, పక్కల రెండు, వెనక రెండు) షటిల్ లేకుండా అడుగులు వేసుకుంటూ రెండు సెట్లు. చెమట పట్టగానే ఆపి, టీషర్టు మార్చి, తువ్వాలు భుజాన వేసి కూర్చోబెట్టాలి. కోర్టులో మనకిచ్చేది రెండు నిమిషాల నాకింగే, అంటే ఆటకి ముందు షటిల్ అటూ ఇటూ కొట్టుకోవడం. అందులో ఒళ్ళు వేడెక్కదు, హాలు గాలి మాత్రం తెలుస్తుంది.

సరే, లెక్క దగ్గరికి వస్తాను. ఇదే నన్ను తినేస్తున్నది.

61వ మ్యాచ్ అంటే ముందు 60 ఉన్నాయి. నాలుగు కోర్టులు, అంటే 15 విడతలు. మ్యాచ్‌కి 25 నిమిషాలు వేసుకున్నాను. 15 పాతికలు 375 నిమిషాలు, ఆరుంబావు గంటలు. 10:10కి కలిపితే 4:25. డ్రా కాయితం వెనక పెన్నుతో వేసిన ఆ లెక్క ఇప్పుడు కూడా నా ముందుంది. కూడికలో తప్పు లేదు. 25 అనడంలోనే తప్పుంది.

మొదటి రౌండులో సగానికి సగం 21-5, 21-7 లాంటివి. పావుగంటలో అయిపోతాయి. నాలుగైదు వాకోవర్లు కూడా ఉంటాయి, ఎంట్రీ కట్టి రానివాళ్ళవి. 12:30కి బోర్డు మీద 30 మ్యాచ్‌లు కొట్టేసి ఉన్నాయని తర్వాత ఆయన చెప్పారు. 140 నిమిషాల్లో 30. ఇంకో 30కి ఇంకో 140, అంటే సరిగ్గా 2:50. నిర్వాహకుల బల్ల దగ్గరికి వెళ్ళి ఒక్కసారి చూసొచ్చి ఉంటే చాలు. నేనేమో బయట వేపచెట్టు కింద నీడలో కూర్చుని, ఆలస్యం చేశారని పక్కావిడతో కలిసి వాళ్ళని తిడుతూ ఉన్నాను.

2:20కి చిన్నది వచ్చి, "మా, ఆకలేస్తా ఉంది" అంది. ఏడు గంటల ఇడ్లీల తర్వాత ఒక అరటిపండు, రెండు గ్లాసుల మజ్జిగ, అంతే. ఇంకా రెండు గంటలుంది కదా అని డబ్బా తీశాను. చల్లటి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ నంజుకుని కడుపునిండా తింది. 2:50కి మైకులో పేరు పిలిచారు. మూడో పిలుపుకి వెళ్ళకపోతే వాకోవర్. షూ లేసు కట్టుకుంటూనే పరిగెత్తింది, వార్మప్ లేదు.

కడుపునిండా అన్నానికీ మ్యాచ్‌కీ మధ్య మూడు గంటలుండాలి. గంట ముందైతే అరటిపండు, రెండు ఖర్జూరాలు. అరగంట ముందైతే రెండు గుక్కల ఉప్పు-చక్కెర నీళ్ళు, అంతకుమించి వద్దు. లీటరు నీళ్ళకి చిన్న చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. తెలిసీ చేశాను.

మొదటి గేములో 7-11 దగ్గర విరామం. అరవై సెకన్లు. వచ్చి కుడి డొక్క పట్టుకుని, "మా, ఈడ పోటేస్తా ఉంది" అంది. ముందుకు వంగి నోటితో ఊపిరి నెమ్మదిగా వదలమని చెప్పాను, అంతకంటే చెయ్యగలిగింది లేదు. 14-21. రెండో గేముకి పోటు తగ్గింది, 21-18 గెలిచింది. మూడోది 16-21 పోయింది.

ఇక్కడి దాకా రాసి పైనుంచి చదువుకుంటే, సగం కోపం ముఖ్య అతిథి మీద ఒలకబోశాను. ఆ శాలువా కప్పించుకున్న పెద్దాయనే షటిల్స్ అన్నీ కొనిచ్చారట. ఈక షటిల్ డబ్బాకి పన్నెండు వస్తాయి, ఒక్కో మ్యాచ్‌కి రెండు మూడు విరుగుతాయి. వందకి పైగా మ్యాచ్‌లు. మేం కట్టిన ఎంట్రీ ఫీజులో అవి రావు. అలాంటి మనిషి లేకపోతే టోర్నమెంటే లేదు. ఆయన్ని పిలవాలి, గౌరవించాలి. పది నిమిషాల్లో చెయ్యొచ్చు, ఆట నడుస్తుండగా మధ్యాహ్నం చెయ్యొచ్చు, పిల్లల్ని కూర్చోబెట్టి చెయ్యొచ్చు. ఆ పదేళ్ళ పిల్లాడి విషయంలో నా కోపం తగ్గదు. కానీ మా మ్యాచ్ ఓడింది ఆ ఆలస్యం వల్ల కాదు. ఆ మాట నిన్నంతా నేను ఒప్పుకోలేదు.

హాలు మూలన గట్టింగ్ వేసే, అంటే బ్యాట్లకి తీగలు బిగించే అబ్బాయి మిషను పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరిదో బ్యాట్ తీగ తెగితే, ముందు మిగతా తీగలన్నీ మధ్యలోంచి అంచుల వైపు కత్తిరించేశాడు. ఆ పిల్ల లబోదిబోమంది, ఒక్కటే కదా తెగిందని. అతను చేసిందే సరి. ఒకటి తెగాక మిగతావి బిగుతుగా అలాగే ఉంటే ఫ్రేము ఒక పక్కకి లాగి వంకరపోతుంది. చూస్తూ నిలబడితే నాన్న గుర్తొచ్చారు.

నాన్నది బాల్ బ్యాడ్మింటన్. హైస్కూలు వెనక సున్నం గీతల కోర్టు, 24 మీటర్లు పొడవు, 12 వెడల్పు, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, పసుపుపచ్చ ఉన్ని బంతి. చలికాలం పొద్దు వాలగానే ఆట ఆపేవారు. మంచు పడితే ఉన్ని తడిని పీల్చి బరువెక్కుతుంది, బంతి లేవదు, తీగలు తెగుతాయి. తెగిన బ్యాట్లన్నీ మా అరుగు మీదికి వచ్చేవి. ఆదివారం పొద్దున చాప పరుచుకుని కూర్చునేవారు. ముందు నిలువు తీగలు, తర్వాత అడ్డతీగలు. ఒక్కో తీగని చిన్న కర్రకి చుట్టి, కాలితో ఫ్రేము అదిమిపెట్టి లాగేవారు. లాగింది వెనక్కి జారకుండా రంధ్రంలో ఆర గుచ్చడం నా పని. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరుండే ఆరే. గట్టిగా గుచ్చితే తీగ నలుగుతుంది, మెల్లగా గుచ్చితే జారుతుంది. జారినప్పుడు నాన్న తిట్టేవారు కాదు, మొదటినుంచి లాగేవారు. అంతా అయ్యాక గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవారు. మధ్య తీగలన్నీ ఒకే స్వరం పలకాలి. ఆ తర్వాత చెక్క బిగింపులో పెట్టి నాలుగు మూలలా రెక్కల నట్లు బిగించేవారు, లేకపోతే మన గాలిలో తేమకి చెక్క ఫ్రేము వంగిపోతుంది.

ఆ బిగింపు వేలాడే గోడకే 2001 మార్చిలో పేపరు ముక్క అంటించారు. నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో గెలిచిన వార్త. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత మనవాళ్ళు ఆ టైటిల్ గెలవడం మళ్ళీ అదే. నాగండ్ల ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది కానీ, అప్పుడు మన ప్రకాశమే. నాన్న ఆ స్కోరు ఎంతమందికి చెప్పారో. అప్పట్లో సర్వీసు ఉన్నవాళ్ళకే పాయింటు. సర్వీసు అటూ ఇటూ మారుతూనే ఉండేది, స్కోరు కదిలేది కాదు, మ్యాచ్ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చాకే ఇలాంటి లెక్కలు వేసుకునే వీలు కలిగింది. ఆ వీలుండీ నేను తప్పు వేశాను.

మళ్ళీ అక్కడికే వచ్చాను. కానీ మూడో గేముకి పెరుగన్నం కారణం కాదు. దానికి నా దగ్గర కాయితం ఉంది. పోయిన ప్రతి పాయింటూ రాశాను: వలకి తగిలితే ఒక గుర్తు, బయటపడితే ఒక గుర్తు. 11-9తో ముందుంది, అక్కడ కోర్టు మారారు. ఆ తర్వాత తనకి 5, అవతలి పాపకి 12. ఆ 12లో 5 వెనక గీత దాటి పడ్డ టాస్‌లే, అంటే ఎత్తుగా వెనక్కి కొట్టిన షాట్లు.

రెండు కారణాలు. ఒకటి, మారిన పక్క నుంచి కొడితే గాలి వెంట ఉంది, జనం తిరిగే షట్టరు సగం తెరిచే ఉంది. రెండోది షటిలే. డబ్బా మూత మీద 77 అని ఉంది. అంకె పెరిగేకొద్దీ షటిల్ వేగం. ఎండకి గాలి పలచబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మే నెలలో మన కోస్తాలో 76, బాగా వేడిగా ఉంటే 75 వాడాలి. వెనక గీత మీద నిలబడి కిందనుంచి పూర్తి బలంతో కొడితే, అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడాలి. అలా పరీక్షించి చూసినవాళ్ళు ఎవరూ కనపడలేదు. ఇక్కడ మా చిన్నది రోజూ ఆడేది నైలాన్‌తో. నైలాన్ ఏటవాలుగా జారుతూ వస్తుంది. ఈక షటిల్ బ్యాట్ మీంచి జోరుగా వెళ్ళి, చటుక్కున ఆగి నిట్టనిలువునా పడుతుంది. ఆ తేడా చేతికి అలవాటవ్వడానికి రెండు వారాలు పడుతుంది. మేం అలవాటు చేసింది నాలుగు రోజులు.

విరామంలో నేను చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. వెనక గీతకి గురిపెట్టొద్దు, డబుల్స్ సర్వీసు గీత మీద పడేట్టు కొట్టు అని. అది 76 సెంటీమీటర్లు లోపలే ఉంటుంది, గాలి మిగతాది చూసుకుంటుంది. రాత్రి రాస్తుంటే తడుతోంది. అప్పుడు నేను చెప్పింది "భయపడొద్దు" అని. ఆ పిల్ల భయపడనే లేదు.

అయితే పెరుగన్నాన్ని వదిలేసినట్టేనా? లేదు. మొదటి గేము గెలిచి ఉంటే మూడోదే ఉండేది కాదు కదా.

ఇవాళ పొద్దున కొత్తపట్నం తీసుకెళ్ళాం, రెండో రౌండు లేదు కాబట్టి. అలల్లో గంటసేపు ఆడింది, ఒళ్ళంతా ఇసుక, నోరంతా నవ్వు. వస్తూ ఉలవపాడు దగ్గర ఆగి బంగినపల్లి మామిడికాయలు ఒక పెట్టె తీసుకున్నాం. పండడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది, గడ్డి పరిచి పెట్టాలి. కారులో చిన్నది వెనక సీట్లోంచి, "మా, రెండో గేమ్‌లో 19-18 అప్పుడు డ్రాప్ ఏశానే, చూశావా?" అని మూడుసార్లు అడిగింది. చూశాను. వల మీంచి ఇంత ఎత్తున దాటి అవతల అట్నే రాలిపడింది. ఆ పాప కదల్లేదు కూడా.

ఆ డబ్బా ఇంకా కడగలేదు. సంచిలో పులిసి వాసన వస్తోంది, లేచి కడిగి పడుకుంటాను.