మెట్టు వదలని చెయ్యి

"వదిలెయ్ మామా! నీళ్లే ఎత్తుతాయి!" అని అల్లుడు బావిలోంచి అరుస్తున్నాడు. 42 ఏళ్ల వయసులో ఈత నేర్చుకుంటూ, వీపుకు బెండు కట్టుకుని, నేను రాతిమెట్టు పట్టుకుని వేలాడుతున్నా. గోళ్లలోకి పాచి దిగింది.

కోడుమూరు దగ్గర అక్కావాళ్ల తోట. బెండు మునగదని నాకు తెలుసు. బళ్లో ఆర్కిమెడిస్ సూత్రం చెప్పేది నేనే. కానీ ఆ తెలిసింది తలకే, వేళ్లకు కాదు.

ఉన్నట్టుండి సండే స్కూల్ గుర్తొచ్చింది. బైబిల్లో యాకోబు పత్రిక 2వ అధ్యాయం, 19వ వచనం: దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్ముతాయి, వణుకుతాయి. ఎన్నేళ్లుగానో పిల్లలతో కంఠతా పెట్టిస్తున్నా. మరి పోయిన నెల జీతం ఆలస్యమైనప్పుడు? మూడు రాత్రులు ఈఎంఐ లెక్కలే. ప్రార్థన చేశాననుకోండి, అదీ ఒక కన్ను ఫోన్ మీద పెట్టి. దయ్యాలు కనీసం వణుకుతాయి, నాకు అదీ లేదు.

నాలుగోసారికి చెయ్యి వదిలా. రెండు క్షణాలంతే. ముక్కులోకి నీళ్లు పోయి మళ్లీ మెట్టు పట్టేశా.

"తేలినావు మామా, నేను చూసినా!" అన్నాడు వాడు.

నేను చూసుకోలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నా.

రేపు ఆదివారం. పాఠం అదే వచనం. చెవిలో నీళ్లు ఇంకా పోలేదు.