ముందు ఇనప్పెట్టె, తర్వాతే రివాల్వర్

మా పెదనాన్న గుంటూరు జిల్లాలో ఎస్సైగా చేసేవారు. వేసవి సెలవులకు వెళ్తే, ఆయన డ్యూటీ నుంచి వచ్చి బెల్టు విప్పేదాకా పిల్లలమంతా గుమ్మం దగ్గరే కాపు కాసేవాళ్లం. తోలు ఒరలోంచి రివాల్వర్ పిడి మాత్రమే కనిపించేది. పిడి అడుగున ఒక రింగు, ఆ రింగు నుంచి భుజం దాకా ఒక తాడు. ఆయన ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆ ఆశ నలభై దాటాక, డల్లాస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నాక మళ్లీ లేచింది. మన దేశంలో లైసెన్సున్నా మామూలు మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదని 2019లో చట్టం సవరించారు. ఇక్కడ ఆ అడ్డు లేదు. అలాగని అమెరికాలో ఉన్న ప్రతివాడూ కొనుక్కోవచ్చని కాదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నా తోటి ఉద్యోగుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా ఆగాను.

మా ఆవిడ అభ్యంతరం వేరు. "ఇంట్లో పిల్లలున్నారు. ముందు ఇనప్పెట్టె కొనండి, తర్వాత చూద్దాం" అంది. కొని, నేలకు బోల్టులు వేయించి బిగించాను. ఎనిమిది నెలలపాటు అందులో ఆవిడ నగలే ఉన్నాయి. ఎందుకంటే నాకు ఏది కొనాలో తేలలేదు. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ నమూనా ఒకరోజు, 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్ ఇంకోరోజు. పైథాన్ నీలపు పూత చూస్తే ఎవరికైనా మనసు జారుతుంది, ధర చూస్తే అంతే వేగంగా వెనక్కి వస్తుంది. చివరికి పెదనాన్న నడుమే దారి చూపించింది. ఖరీదైనవీ అందమైనవీ కాదు, పోలీసులూ సైనికులూ ఉద్యోగంలో మోసినవే కొనాలనుకున్నాను.

అలా చూస్తే మొదటిది ఏదో వెతుక్కోనక్కర్లేదు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. 1899లో వేరే పేరుతో మొదలై, 1957లో ఈ నంబరు తెచ్చుకుంది. ఇప్పటికి అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. పోలీసు శాఖలు వదిలించుకున్నవి పాత తుపాకుల దుకాణాల్లో దొరుకుతాయి. గొట్టం మూతి దగ్గరా, తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ అంచుల్లోనూ ఒర రాపిడికి పూత పోయి తెల్లగా ఉంటాయి. చూడగానే ముసలివనిపిస్తాయి గానీ లోపల చాలావరకు కుర్రవే. ఏళ్ల తరబడి నడుముకు వేలాడినవే తప్ప పెద్దగా కాల్చినవి కావు.

దుకాణదారు ఓపికమంతుడు. ముందు సిలిండర్ తెరిచి తూటాలుండే ఆరు గదులూ ఖాళీ అని నాకు చూపించి, తర్వాతే చేతికిచ్చాడు. తూటాను పేల్చే సుత్తి లాంటి హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా, మరీ మెల్లగా వెనక్కి లాగమన్నాడు. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపే సిలిండర్ టిక్కుమని తన చోట బిగుసుకోవాలి. ఆరు గదులకూ ఆరుసార్లు చూడాలి. నాలుగోసారికి నా చెవే ఆ చప్పుడు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. తర్వాత సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదిపి చూడటం, గొట్టం వెనక అంచున పగులుందేమో టార్చి వేసి వెతకడం. పూత గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదాయన.

ఆ తర్వాత 4473 ఫారం, అంటే దుకాణంలో తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ కాగితం. కొనేది మీ కోసమేనా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. ఇంకొకరి కోసం కొంటూ అవునని రాస్తే జైలే. మా ఇంటిపేరు గడిలో పట్టక రెండోసారి రాయాల్సి వచ్చింది. నేపథ్య తనిఖీలో వెంటనే సరేనని రాలేదు, ఆలస్యమని వచ్చింది. రెండు రోజుల తర్వాత ఫోను చేసి రమ్మన్నారు.

రెండోదానితో దెబ్బ తిన్నాను. ఒక తుపాకుల సంతలో విక్టరీ మోడల్ కనిపించింది, మోడల్ 10కే రెండో ప్రపంచయుద్ధం నాటి రూపం. సీరియల్ నంబరు ముందు వి అక్షరం, పిడి కింద రింగు. ఆ రింగు చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. పాయింట్ 38 స్పెషల్ తూటాలు పడతాయని అమ్మినవాడు చెప్పాడు. పట్టాయి కూడా. కాల్పులు సాధన చేసే రేంజిలో ఆరు కాల్చి సిలిండర్ తెరిస్తే, ఖాళీ ఇత్తడి డొప్పలు పొట్ట ఉబ్బి బయటికి రానని మొరాయించాయి. తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒక్క డొప్ప చూసి విషయం చెప్పేశాడు. అది బ్రిటిష్ సైన్యం కోసం తయారైనది. వాళ్ల పాయింట్ 38 తూటా పొట్టిది, కాస్త లావుది. స్పెషల్ పొడుగుది, సన్ననిది. యుద్ధం తర్వాత ఎవరో గదులను ముందువైపు తొలిచి పొడుగు చేశారు. వెనకవైపు లావు లావుగానే ఉండిపోయింది. గొట్టం మీద బ్రిటిష్ ముద్రలు ఉన్నాయి, నేను చదవలేదంతే. దాన్ని అమ్మలేదు, కాల్చనూ లేదు. అడుగు అరలో ఉంది.

తర్వాత, పాత తుపాకులు సేకరించేవాళ్లకు ఇచ్చే కలెక్టర్ల లైసెన్సుకు దరఖాస్తు చేశాను. మూడేళ్లకు 30 డాలర్లు. యాభై ఏళ్లు దాటినవాటిని నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. వ్యాపారం చేయకూడదు. వచ్చినదీ పోయినదీ చిట్టా పుస్తకంలో రాయాలి. మా నాన్న కిరాణా కొట్టు లెక్కలు రాసినంత శ్రద్ధగా రాస్తున్నాను.

ఆ లైసెన్సు మీద వచ్చిన మొదటిది వెబ్లీ మార్క్ 4 అనే బ్రిటిష్ రివాల్వర్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో చేసినది. యుద్ధకాలంలో నునుపు చేసే తీరిక లేక, ఫ్రేము మీద వార్ ఫినిష్ అని ముద్ర కొట్టి పంపేశారు. ఉలి గీతలు వేలికి తగులుతాయి. ఎడమవైపు మీట బొటనవేలితో నొక్కితే గొట్టం ముందుకు వంగి, మధ్యలోంచి డొప్పలను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క పైకి లేస్తుంది. ఈసారి ముద్రలన్నీ భూతద్దంతో చదివాను. తొలవని గదులే.

ఫొటో తీసి పెదనాన్నకు పంపాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. సాయంత్రం ఫోను చేశారు.

"బాగానే ఉంది గానీ, తాడేదిరా?"