క్రాఫ్టు పీరియడ్, రెండు సూదులు

లెక్కల మాస్టారి గురించి, ఆటల పోటీల గురించి ఈ సంచికలో ఎలాగూ చాలామంది రాస్తారు. నేను క్రాఫ్టు పీరియడ్ గురించి, అందులో నేర్చుకున్న ఊలు అల్లిక గురించి రాస్తాను. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్‌ మీద అందరి కన్నూ పడేది. మా క్రాఫ్టు టీచరుగారు మాత్రం ఒక పట్టాన వదులుకునేవారు కాదు.

ఊలు ఎంపికలోనే ఆవిడ పట్టుదల తెలిసేది. లేత రంగు, మధ్యరకం లావు, నున్నటి పోగు ఉండాలి. ముదురు రంగులో కుట్లు కనిపించవు, నూగు ఊలు విప్పబోతే చిక్కుపడుతుంది. నూలు దారం అంతగా సాగదు. ఊలు సాగి మళ్ళీ ముడుచుకుంటుంది కాబట్టి కొత్త చేతుల ఎగుడుదిగుళ్ళను కొంత దాచిపెడుతుంది. సూదులేమో 4 మి.మీ.వి, పాత బ్రిటిష్ కొలతలో 8వ నంబరు. ఆ కొలతలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఎవరి ఆలోచనో మరి!

సూది మీద మొదటి వరుస ఎక్కించాక నేర్చుకోవలసినవి రెండే కుట్లు: ఒకటి నిట్, రెండోది పర్ల్. నిట్‌ వేసేటప్పుడు ఊలు వెనక ఉంటుంది, పర్ల్‌కు ముందుకు తెచ్చుకోవాలి. ఎవరైనా ఈ రెండింటితో తికమకపడితే, టీచరుగారు అల్లిన ముక్క చేతికిచ్చి "తిప్పి చూడమ్మా" అనేవారు. ఇటు నిట్ అయినదే అటు పర్ల్. ఒకే ఉచ్చు ఒకవైపు 'వి' ఆకారంలో, రెండోవైపు అడ్డంగా చిన్న గుబ్బలా కనిపిస్తుంది. నాకు అల్లిక అర్థమైంది అక్కడే. తక్కినదంతా దానిలోంచే వచ్చింది. అన్ని వరుసలూ నిట్ అల్లితే రెండువైపులా గుబ్బలు తేలి, ముక్క చదునుగా పరుచుకుంటుంది. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ అయితే ముఖం నున్నగా వస్తుంది కానీ అంచులు చుట్టుకుపోతాయి. "అది దాని స్వభావం, నీ తప్పు కాదు" అనేవారు. ఒకే వరుసలో ఒకటి నిట్, ఒకటి పర్ల్ మార్చి మార్చి వేసి, కింది నిట్ మీద నిట్, పర్ల్ మీద పర్ల్ వచ్చేలా అల్లుకుంటూ పోతే బాగా సాగే పట్టీ తయారవుతుంది. స్వెట్టరు చేతుల అంచులకు వేసేది అదే.

సూది నుంచి జారిన కుట్టు కిందికి నిచ్చెన మెట్లలా విడిపోతుంది. కొన కొక్కెంలా ఉండే క్రోషే సూదితో ఒక్కో మెట్టూ పైకి లాగితే సరిపోతుంది, ముక్కంతా విప్పక్కరలేదు.

ఇక నమూనా ముక్క, అంటే స్వెట్టరు మొదలుపెట్టే ముందు కుట్ల లెక్క చూసుకోవడానికి అల్లే చిన్న ముక్క. 10 సెం.మీ.కు 22 కుట్లు పడవలసిన చోట 20 పడితే, 220 కుట్ల స్వెట్టరు చుట్టుకొలత 100 సెం.మీ.కు బదులు 110 అవుతుంది. ఆవిడ ఈ లెక్క బోర్డు మీద వేసేసరికి, త్రైరాశికం తప్పించుకు తిరిగే బృందమంతా దొరికిపోయింది. పైగా ఆ ముక్కను ఉతికి, ఆరాక మాత్రమే కొలవాలి. అంతకంటే విసుగు పని అల్లికలో ఇంకొకటి లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా మానను.