స్టీరింగ్ గేరు చిక్కు

మొదటి గేరు నుంచి రెండో గేరుకు మార్చబోతే స్టీరింగ్ పక్కనే ఉండే గేరు రాడ్ మధ్యలోనే బిగుసుకుపోయింది. 1966 నాటి షెవర్లే సీ-10 ట్రక్కుకు పాత గేరుబాక్సు తీసి, అదే తరహా మూడు గేర్లది మరొకటి బిగించి, ఈ ఉదయమే రోడ్డెక్కించాను.

బానెట్ ఎత్తి చూస్తే స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింది గొట్టం) అడుగున ఉండే రెండు చిన్న లివర్లు ఒకే వరుసలో లేవు. వాటిలో ఒకటి మొదటి గేరుకూ రివర్సుకూ, మరొకటి రెండు, మూడు గేర్లకూ పనిచేస్తుంది. న్యూట్రల్‌లో అవి కచ్చితంగా ఒకదానికొకటి సరిపడి నిలిస్తేనే గేరు రాడ్ ఒక లివరును వదిలి రెండోదాన్ని అందుకోగలదు. కొద్దిపాటి తేడా వచ్చినా రెంటి మధ్య ఇరుక్కుంటుంది.

అందుచేత గేరుబాక్సును న్యూట్రల్‌లో ఉంచి, ఆ లివర్ల నుంచి గేరుబాక్సుకు వెళ్ళే కడ్డీల బిగింపులు వదులు చేసి, రెండు లివర్ల రంధ్రాల గుండా ఒక పిన్ను దూర్చి, అవి కదలకుండా నిలిచాక నట్లు బిగించాను. కడ్డీల కీళ్ళలో ఉండే, అరిగిన బుష్షులను (చిన్న తొడుగులను) కూడా మార్చాను, ఎందుకంటే వాటిలో లూజు ఉన్నంతకాలం ఎంత సరిచేసినా ఆ అమరిక నిలవదు.

ఇలాంటప్పుడు చాలామంది కొత్తగా వేసిన గేరుబాక్సునే అనుమానించి మళ్ళీ కిందికి దించుతారు. ముందు బయటి కడ్డీలను చూడడమే సరైన పద్ధతి అని నా గట్టి అభిప్రాయం.

మన ఊళ్ళలో అంబాసిడర్, పద్మినీ నడిపిన పెద్దలకు ఈ స్టీరింగ్ గేరు కొత్తేమీ కాదు. చెయ్యి స్టీరింగ్‌కు దూరం కాకుండానే గేరు మారడం, ముగ్గురు కూర్చునే ముందు సీటుకు ఏ అడ్డూ లేకపోవడం వల్లనే ఈ అమరిక అంటే నాకింత ఇష్టం.