టేపు రెండో కొస

"తమ్ముడూ, కాస్త ఈ టేపు కొస పట్టుకో" అన్నాడు కానిస్టేబుల్ అన్న. చౌటుప్పల్ దాటాక విజయవాడ హైవే మీద, ఓ యూటర్న్ దగ్గర, పొద్దున ఏడున్నరకి. బండి పక్కన ఆపి పట్టుకున్నాను.

డివైడర్ నుంచి బైక్ పడి ఉన్న చోటు దాకా కొలిచాం. బైక్ ఆయన్ని అప్పటికే 108లో తీసుకెళ్లారు. రోడ్డు మీద స్టీలు టిఫిన్ డబ్బా మిగిలింది, మూత ఊడిపోయి. పులిహోర. వెళ్లి మూత పెట్టి పక్కకు తీశాను. అది అలా తెరిచి ఉండటం చూడలేకపోయాను.

అన్న ఫోన్‌లో ఈ-డార్, అంటే ప్రమాదాల వివరాలు ఎక్కించే యాప్, తెరిచి ఒక్కొక్కటే నింపుతున్నాడు. ఫొటోలు, లొకేషన్, రోడ్డు ఎలా ఉంది, హెల్మెట్ ఉందా లేదా. "ఇది సరిగ్గా ఎక్కిస్తేనే కదా తమ్ముడూ, ఇక్కడేదో తేడా ఉందని పైవాళ్లకు తెలిసేది."

మధ్యాహ్నం కూర్చుని చదివాను. నేషనల్ హైవే మీద అర కిలోమీటరు ముక్కలో మూడేళ్లలో ప్రాణాలు తీసిన లేదా తీవ్రంగా గాయపరిచిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా, దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారట. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది.

లెక్క కావాలి, కాదనను. ఆ అన్న ఎండలో నిలబడి ఓపిగ్గా ఎక్కించడం చూశాక అసలే కాదనను. కానీ పదో మనిషి దాకా ఎందుకు ఆగాలి? మొదటి ఎంట్రీ పడిన రోజే ఒక ఇంజనీరు వచ్చి ఆ యూటర్న్ చూసి పోవచ్చు కదా? ఒక లైటు, ఒక బోర్డు పెట్టొచ్చు కదా?

ఇందాక అన్నకు ఫోన్ చేశాను. ఆపరేషన్ ఇంకా జరుగుతోందట.