ఆరు ఫారాల పుస్తకం

మొదటి కవితా సంపుటి సొంతంగా వేసుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది, ఎంతవుతుందని. కవితలెన్నో చెబితే ప్రెస్సువాళ్లు ఆ జవాబు చెప్పలేరు. వాళ్ల లెక్కంతా ఫారాల్లో ఉంటుంది.

తెలుగులో కవిత్వం ఎక్కువగా 1/8 డెమ్మీ సైజులో వస్తుంది. అంటే వెడల్పు ఐదున్నర అంగుళాలు, పొడవు ఎనిమిదిన్నర. ఒక డెమ్మీ షీటును రెండువైపులా అచ్చేసి మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు. అదొక ఫారం. 96 పేజీల పుస్తకమంటే ఆరు ఫారాలు. 500 కాపీలకు 3,000 షీట్లు, రీముకు 500 చొప్పున ఆరు రీములు. మిషన్ సెట్టింగులోనూ బైండింగులోనూ పాడయ్యేదానికి ఇంకో పావు రీమో అర రీమో కలుపుకోవాలి. ఈ లెక్క వస్తే ప్రెస్సువాళ్లు ఇచ్చే ధరల కొటేషన్ చదవడం వచ్చినట్టే. పేజీలు 98 అయ్యాయనుకోండి, ఆ రెండు పేజీల కోసం విడిగా ముక్క ఫారం ఎక్కించాలి, దాని ప్లేట్లకూ మిషన్‌కూ మళ్లీ డబ్బు. అంతకన్నా ఒక కవిత తీసేయడం మేలు. మొదటి సంపుటిలో ఒక కవిత తగ్గిందని బాధపడ్డ పాఠకుడు ఎక్కడా ఉండడు.

96లో లోపలి టైటిల్, ఇంప్రింట్ (ప్రచురణ వివరాల పేజీ), అంకితం, విషయసూచిక, ముందుమాట, మీ మాట కలిపి పన్నెండు దాకా పోతాయి. మిగిలిన 84లో యాభై కవితలు హాయిగా పడతాయి. ముందుమాటలు ముగ్గురి దగ్గర తీసుకుంటే ఒక ఫారం వాటికే పోతుంది. ఒకటి చాలు. అదైనా రాతప్రతి ఖాయమయ్యాకే రాయించుకోవాలి. ముందుమాటలో ఉటంకించిన పాదాన్ని కవి తర్వాత దిద్దేస్తాడు, లేదా ఆ కవితనే తీసేస్తాడు. పుస్తకం వచ్చాక ముందుమాటలో ఒక పాఠం, లోపల ఇంకో పాఠం. ఆఖరి ప్రూఫులో ముందుమాటలోని ప్రతి ఉటంకింపునూ లోపలి కవితతో పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ఫైలు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లే. మీరు ఫోన్లో టైపు చేసింది యూనికోడ్, అంటే ఏ ఫోనైనా ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి. అను ఫాంటు యూనికోడ్ కాదు, కాబట్టి మధ్యలో కన్వర్టర్ పెట్టి మారుస్తారు. తప్పులు అక్కడే దూరతాయి. "ఫేస్‌బుక్" లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడగొట్టే గుర్తు ఒకటి ఉంటుంది. కన్వర్టర్ దాన్ని మింగేస్తే "ఫేస్బుక్" అవుతుంది. కొటేషన్ గుర్తులు, డ్యాషులు ఏదో అక్షరంగానో ఒత్తుగానో మారిపోతాయి. పైగా అనులో చేసిన పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు, రేపు ఈబుక్ కావాలంటే మళ్లీ మొదటికి రావాలి.

ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే చేసేవాళ్లు దొరికితే వాళ్ల దగ్గరికే వెళ్లండి. అక్కడా ఒక మెలిక ఉంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి "పద్మ" కాస్తా "పద్‌మ"గా అచ్చవుతుంది. ఫాంట్లకు కొదవ లేదు. మండలి, ఎన్టీఆర్ లోపలి పాఠానికి, రామభద్ర శీర్షికలకు సరిపోతాయి. మూడూ ఉచితమే, పుస్తకం అమ్ముకోవడానికి వాడుకున్నా అడ్డు లేదు.

పేజీ అమర్చడం దగ్గర కవి ఆపరేటర్ పక్కన కూర్చుని తీరాలి. వాళ్లకు అలవాటైన పని వచనం, అందుకని చెయ్యి తనంతట తానే జస్టిఫై నొక్కేస్తుంది. కవితలో పాదాల చివర షిఫ్ట్ ఎంటర్ కొట్టి ఉంటే, జస్టిఫై అయిన పేరాలో రెండు మాటల పాదం కూడా ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగుతుంది. "నువ్వు" ఎడమ మార్జిన్ దగ్గర, "లేవు" కుడి మార్జిన్ దగ్గర, మధ్యలో మూడంగుళాల ఖాళీ! కవిత్వానికి ఎడమ అమరికే పెట్టించండి. సెంటర్ అమరిక పెళ్లిపత్రికకు బాగుంటుంది.

మార్జిన్లు పోగా మిగిలే నాలుగంగుళాల చిల్లరలో, ఫాంటును బట్టి, ముప్పై అక్షరాలు అటూఇటూగా పడతాయి. ఫోన్లో అడ్డంగా తిప్పి రాసుకున్న పొడుగు పాదం అచ్చులో విరుగుతుంది. విరిగిన ముక్క కింద లైన్లో మార్జిన్ నుంచే మొదలైతే అది కొత్త పాదమనుకుంటారు. ఆ ముక్కను రెండు మూడక్షరాలు లోపలికి జరపాలి. పుస్తకమంతా అదే కొలత ఉండాలి.

ఇంకొకటి, స్టాంజాల (పాదాల గుంపుల) మధ్య ఖాళీ. పేజీ అడుగున స్టాంజా అయిపోయి తర్వాతి పేజీలో కొత్తది మొదలైతే, అక్కడ ఖాళీ ఉందో లేదో చదివేవాడికి తెలిసే దారి లేదు. అలాంటి చోట ఆఖరి రెండు పాదాల్ని అవతలి పేజీకి నెట్టి స్టాంజా మధ్యలో విరవడమే నయం. రెండు పేజీల కవితను ఎడమ పేజీలో మొదలుపెడితే మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది, ఆకు తిప్పే పని ఉండదు. దీనికోసం కవితల వరుస కాస్త మారినా పరవాలేదు.

అక్షరం సైజు నంబరును నమ్మొద్దు. ఒక ఫాంటులో 12 ఇంకో ఫాంటులో 15లా ఉంటుంది. లైన్ల మధ్య దూరం మాత్రం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన లిపికి కింద ఒత్తులు, పైన గుళ్లు. "రాష్ట్రం" కింది లైన్లో సరిగ్గా అక్కడే "గీత" వచ్చిందంటే ట్ర ఒత్తు వెళ్లి గీ గుడిని పొడుస్తుంది. ఒక పేజీ అసలు కాగితం మీద, అసలు సైజులో ప్రింటు తీయించి చూస్తే గాని ఇది తెలియదు. స్క్రీను మీద అంతా బాగానే ఉన్నట్టుంటుంది.

ప్రూఫు మూడుసార్లు, అదీ కాగితం మీద, అందులో ఒక్కసారైనా వేరేవాళ్ల చేత. కవి తన కవితను చదవడు, గుర్తు చేసుకుంటాడు, అందుకే తప్పు కంటికి ఆనదు. "బాధ"కు "భాద", "పద్ధతి"కి "పద్దతి", "అర్థం" ఉండాల్సిన చోట "అర్ధం" మామూలుగా దొరికేవి. ఒక చీటీ మీద మీ పద్ధతులు రాసుకోండి. "ఒక" రాస్తారా "వొక" రాస్తారా, "చెయ్యి"యా "చేయి"యా. రెండూ తప్పు కావు, ఒకే పుస్తకంలో రెండూ ఉండటమే తప్పు. పేజీ నంబర్లు, విషయసూచిక అన్నిటికన్నా ఆఖర్న చూడండి. లోపల శీర్షిక మార్చి సూచికలో పాతదే ఉంచేయడం సర్వసాధారణం.

కాగితం గురించి పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. 70 లేదా 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లితో కాగితం, నేచురల్ షేడ్ అయితే కంటికి హాయి. కవరుకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. 96 పేజీలకు వీపు మందం ఐదు మిల్లీమీటర్లే వస్తుంది. దానిమీద పేరు వేయొచ్చు గానీ సన్నగా, నడిమధ్యన ఉండాలి. కాస్త పెద్దదైతే బైండింగులో మిల్లీమీటరు జరిగినా పేరు అట్ట మీదికి పాకుతుంది. కవరు ఫైలు సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో) ఉండాలి, చుట్టూ 3 మిల్లీమీటర్లు కోతకు వదలాలి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మను కవరు మీదకు ఎక్కించొద్దు, చితికిపోయి పడుతుంది.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు, ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉండే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. గుర్తింపు, చిరునామా పత్రాలు, టైటిల్ పేజీ పెట్టి రచయిత తనే ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. (కోల్‌కతాలో అదే పేరుతో ఉన్న లైబ్రరీ ఫౌండేషన్ వేరు, అది గ్రంథాలయాలకు పుస్తకాలు కొంటుంది.) బార్‌కోడ్ వెనక అట్ట మీద పడాలి గనక కవరు ఖాయం కాకముందే దరఖాస్తు పెట్టండి. డబ్బు తీసుకుని నంబరిచ్చేవాళ్లుంటారు. అప్పుడు రికార్డులో ప్రచురణకర్తగా వాళ్ల పేరుంటుంది, మీది కాదు. కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఎన్ని కాపీలు? ప్లేట్ల ఖర్చు 300కైనా 1,000కైనా ఒకటే, కాబట్టి సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో కాపీకి పడే ఖర్చు తగ్గుతుంది. ఆ ఆశకు వెయ్యి వేయించి మంచం కిందికి తోసినవాళ్లు చాలామంది. మొదటి పుస్తకానికి 300 చాలు, ఆ సంఖ్యకు ఆఫ్‌సెట్ (ప్లేట్లతో అచ్చు), డిజిటల్ (ప్లేట్లు లేకుండా అచ్చు) రెండింటికీ కొటేషన్లు తీసుకుని పోల్చండి. ధర దగ్గర మొహమాటం వద్దు. ఒక్కో కాపీకి 60 రూపాయలు పడిందనుకోండి, 100 అని వేస్తే పుస్తకాల షాపు 40 శాతం తీసుకున్నాక మీకు మిగిలేది ఆ 60 రూపాయలే, పార్సిల్ ఖర్చు చేతినుంచి. 150 వేస్తే 90 వస్తుంది. ఖర్చుకు రెండున్నర రెట్లకు తగ్గొద్దు.

ఆవిష్కరణ తేదీ పుస్తకం చేతికి వచ్చాకే పెట్టుకోవాలి. హాలు బుక్ చేసి ప్రెస్సు మీద పడితే సిరా ఆరకముందే లామినేషన్ చేస్తారు, నెల తిరక్కుండా అట్ట బుడగలు లేస్తుంది. జిగురు పట్టుకోని పుస్తకాన్ని వేదిక మీద ఫొటో కోసం విరిచి పట్టుకుంటే ఆకులు చేతికొస్తాయి. డిసెంబరు హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి విజయవాడ పుస్తక మహోత్సవం ముందు ప్రెస్సులు కిటకిటలాడతాయి. ఆ స్టాళ్లలో మీ పుస్తకం ఉండాలంటే ఫైలు అక్టోబరుకల్లా సిద్ధం కావాలి.

1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికీ, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి. సమీక్షకు పత్రికలు సాధారణంగా రెండేసి అడుగుతాయి. తపాలాశాఖ 2025 మే 1న పుస్తకాలు పంపడానికి మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. ఆరు ఫారాల పుస్తకం కాగితాన్ని బట్టి 120 నుంచి 135 గ్రాములు తూగుతుంది కాబట్టి రెండు ప్రతులు ఒకే కవరులో పోతాయి. ఈ సౌకర్యానికి పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుడి పేరుండాలి, ఇంప్రింట్ పేజీలో అది మరిచిపోవద్దు.

ప్రెస్సుకు ఆఖరి వాయిదా కట్టే ముందే ఆపరేటర్ దగ్గర పీడీఎఫ్‌తో పాటు ఓపెన్ ఫైలు (మళ్లీ దిద్దుకోగల అసలు ఫైలు), వాడిన ఫాంట్లు, కవరు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఏడాది తర్వాత వెళ్తే ఆ కంప్యూటర్ ఉండదు.