యాప్ తర్వాత, ముందు గోడ మీద మరక కొలవండి

ఏ సమస్య వచ్చినా "దీనికో యాప్ చేద్దాం" అనడం మన ఇంజనీరింగ్ కాలేజీల్లో వినీ వినీ విసుగొచ్చింది. హ్యాకథాన్ (ఒకటి రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాములు రాసే పోటీ) పెడతారు, బిర్యానీ పెడతారు, ఫొటోలు దిగుతారు, నెల తిరిగేసరికి ఆ యాప్ చేసినవాడి ఫోన్‌లో కూడా ఉండదు. కంప్యూటర్లు జనానికి పనికిరావని కాదు నేననేది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు మనకు లేనిది యాప్ కాదు, సరైన లిస్టు.

వాట్సాప్‌లో సాయం అడిగేవాళ్లూ ఉన్నారు, చేస్తామనేవాళ్లూ ఉన్నారు. కానీ ఒక మెసేజ్ ఫార్వర్డ్ మీద ఫార్వర్డ్ అయ్యి, ఆ మనిషిని పడవలో బయటికి తెచ్చేశాక కూడా తిరుగుతూనే ఉంటుంది, పక్క సందులో ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన ఇంటివాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరు, ఎక్కడ, ఏం కావాలి, అందిందా లేదా, అంతే, నాలుగు గడుల షీట్. ఒకే నంబరు రెండుసార్లు వస్తే తీసేసే ప్రోగ్రామ్ డిగ్రీ మొదటి ఏడాది కుర్రాడు రాసేస్తాడు. "అందిందా" అన్న గడి దగ్గరే కష్టం, దానికి ఎవరో ఒకరు కూర్చుని ఫోన్లు చేయాల్సిందే. (ఆ నంబర్లన్నీ ఊరంతా చూసేలా పెట్టకండి బాబూ, మోసగాళ్లకు వరదలూ పండగే.)

ఇక మ్యాపు. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా గీయగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు) వాళ్ల రాజధాని వీధులు చాలావరకు లేవు, ఎక్కడెక్కడివాళ్లో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ రోజుల్లో గీసేశారు. మన సందులు గీయడం అంత కష్టమేం కాదు, కానీ "చర్చి వెనక రెండో సందు" అని ఇక్కడివాళ్లు చెప్పుకునే గుర్తు ఉపగ్రహానికి కనపడదు, అది మనమే రాయాలి.

నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయన్న సంగతీ అంతే. సెంటినెల్-1 అనే యూరప్ ఉపగ్రహం రాడార్‌తో మబ్బుల్లోంచి కూడా చూస్తుంది, డేటా ఉచితం. పొలాల్లో నిలిచిన నీళ్లు దాని చిత్రంలో నల్లగా కనిపిస్తాయి, ఎందుకంటే నున్నటి నీళ్ల మీద పడిన తరంగం వెనక్కి రాకుండా అటే పోతుంది. అదే ఇళ్ల మధ్య అయితే నీళ్ల మీద, గోడ మీద తగిలి మళ్లీ ఉపగ్రహం వైపే వస్తుంది, దాంతో మునిగిన వీధి నల్లగా కాక ఇంకా తెల్లగా పడుతుంది. అంటే మనకు బాగా కావాల్సిన చోటే అది తికమక పడుతుంది.

మన దగ్గర దానికంటే మంచి డేటా ఉంది. గోడల మీద నీటి మరకలు! టేపు పెట్టి రోడ్డు నుంచి మరక దాకా ఎంత ఎత్తుందో కొలిచి, ఫోన్‌లో లొకేషన్‌తో పాటు ఎక్కిస్తే చాలు, ఏ వీధి ఎంత మునిగిందో మ్యాపు వచ్చేస్తుంది. బుడమేరు మీద గేట్లుండే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిమట్టం ఇంతుంటే ముందు ఏ సందుకు చెప్పాలో లెక్క కట్టేవాళ్లు తమ మోడల్ సరిగ్గా చెబుతోందో లేదో దీంతో సరిచూసుకోవచ్చు. ఇప్పటికే చాలామంది రంగులు వేయించేశారు, మిగిలినవాళ్లు సంక్రాంతికి వేయించేస్తారు, కాబట్టి ఆలోపు అటు వైపు ఉన్నవాళ్లు ఎవరైనా వస్తానంటే చెప్పండి, టేపు నా దగ్గరుంది.